టర్బో కారులో వాక్యూమ్ లీక్: గాలి లోపలికి పోతోందా, బయటికి వస్తోందా?

మీరు చెప్పిన లక్షణాలన్నీ ముందు ఒకచోట పెట్టుకుందాం. 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, లోపలికి పోయే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న రకం. ఐడిల్‌లో ఇంజిన్ ఊగుతోంది, ఆర్‌పీఎం 700కీ 1,000కీ మధ్య పడుతూ లేస్తూ ఉంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగి పీ0171 కోడ్ వచ్చింది, కొన్నాళ్లకు పీ0299 కూడా తోడైంది. ఓవర్‌టేక్ చేద్దామని గట్టిగా తొక్కితే బుస్సుమని శబ్దం వచ్చి పికప్ పడిపోతోంది. ఆక్సిజన్ సెన్సర్ మార్చారు, ప్లగ్గులు మార్చారు, మాఫ్ సెన్సర్ కడిగారు. పైపుల్లోకి పొగ పంపి లీకు వెతికే స్మోక్ టెస్ట్ చేయిస్తే పొగ ఎక్కడా బయటికి రాలేదు. ఇప్పుడు టర్బోనే మార్చమంటున్నారు.

టర్బో మార్చకండి. మీరు చెప్పినదాంట్లో టర్బో పోయిందనడానికి ఒక్క ఆధారం కూడా లేదు. పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అని పీ0171 చెబుతోంది, ఐడిల్‌లో ఊగుడు కూడా దానికి తగ్గట్టే ఉంది. అడిగినంత బూస్ట్, అంటే టర్బో గాలిని నొక్కి పంపే ఒత్తిడి, రావడం లేదని పీ0299 చెబుతోంది. టర్బో బలహీనపడితే రెండోది వస్తుంది గానీ, మొదటిది ఎందుకొస్తుంది? ఐడిల్‌లో టర్బో చేసే పని దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి ఈ రెండు కోడ్‌లనూ కలిపి వివరించగల లోపం కోసం వెతకాలి. దానికి మార్గం ఒకటుంది: టర్బో ఇంజిన్‌లో లీకు ఎక్కడుందో వెతికే ముందు, గాలి ఎప్పుడు ఎటు పోతోందో తేల్చుకోవాలి.

టర్బో లేని ఇంజిన్‌లో ఈ చిక్కు ఉండదు. అక్కడ లీకంటే ఎప్పుడూ బయటి గాలి లోపలికి పోవడమే. టర్బో ఇంజిన్‌లో అదే రంధ్రం ఒక క్షణం గాలిని పీలుస్తుంది, మరు క్షణం ఊదేస్తుంది. రంధ్రం ఏ భాగంలో ఉందన్నదాన్ని బట్టి లక్షణాలు పూర్తిగా మారిపోతాయి.

గాలి దారిని మొదటి నుంచీ చూడండి. ఎయిర్ ఫిల్టర్, మాఫ్ సెన్సర్ దాటాక టర్బో కంప్రెసర్ నోటి దాకా ఉన్న పైపులో ఎప్పుడూ పీల్పే ఉంటుంది. బూస్ట్‌లో ఉన్నప్పుడు కూడా అక్కడ పీల్పే, పైగా ఇంకాస్త ఎక్కువ. ఇక్కడ చీలిక ఉంటే మాఫ్ లెక్కపెట్టని గాలి, ఫిల్టర్ కాని గాలి లోపలికి పోతుంది. ఇంజిన్‌కు పెట్రోల్ చాలదు. అంతకంటే నాకు భయం దుమ్ము గురించి. నిమిషానికి లక్షకు పైగా తిరిగే కంప్రెసర్ చక్రానికి నేరుగా దుమ్ము కొట్టుకుంటే రెక్కల అంచులు అరిగిపోతాయి. పికప్ బాగానే ఉంది కదా అని ఈ చోట లీకును వదిలేయకూడదు.

కంప్రెసర్ నుంచి, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీదుగా, ఇంజిన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ దాకా ఉన్నది రెండో భాగం. ఐడిల్‌లో ఇక్కడ ఒత్తిడి దాదాపు బయటి గాలితో సమానం, అందుకే పెద్ద పగులున్నా ఐడిల్‌లో ఏమీ తెలియదు. బూస్ట్ వచ్చిందంటే మాత్రం మాఫ్ అప్పటికే లెక్కపెట్టిన గాలి బయటికి పోతుంది. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అదే ఈసీయూ, ఆ లెక్కనే నమ్మి పెట్రోల్ కొడుతుంది. దాంతో పెట్రోల్ ఎక్కువై మిశ్రమం చిక్కబడుతుంది, సైలెన్సర్‌లో నల్లపొగ రావచ్చు, పికప్ తగ్గుతుంది. పోయిన గాలిని భర్తీ చేయడానికి టర్బో మామూలు కంటే వేగంగా తిరుగుతుంది, వేడెక్కుతుంది. ఇలా ఏళ్లతరబడి నడిపిస్తే టర్బో నిజంగానే పోతుంది.

మూడోది థ్రాటిల్ దాటాక సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్. ఐడిల్‌లో పీల్పు, బూస్ట్‌లో ఒత్తిడి. అంటే ఐడిల్‌లో పెట్రోల్ చాలకపోవడం, బూస్ట్‌లో ఎక్కువైపోవడం రెండూ ఇక్కడి రంధ్రం వల్ల రావచ్చు. మానిఫోల్డ్‌కు అతుక్కుని బయల్దేరే గొట్టాలన్నీ కూడా దీని కిందికే వస్తాయి: బ్రేక్ బూస్టర్ గొట్టం, క్రాంక్‌కేసు (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే గది) ఆవిరిని లాగే పీసీవీ, పెట్రోల్ ట్యాంకు ఆవిరిని లాగే పర్జ్ వాల్వు, మిగిలిన బూస్ట్‌ను వెనక్కి తిప్పే డైవర్టర్ వాల్వుకు వెళ్లే సన్న గొట్టం.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూపిస్తాను. మీ సమస్యకు దారి ఇందులోనే ఉంది.

మీది 2 లీటర్ల ఇంజిన్ కాబట్టి, వేడెక్కాక ఐడిల్‌లో మాఫ్ రీడింగు సెకనుకు 2.5 గ్రాముల దగ్గర ఉందనుకుందాం. ఏదో చోట సెకనుకు అర గ్రాము గాలి లెక్కలో లేకుండా లోపలికి పోతోంది. అర గ్రామును 2.5తో భాగిస్తే 20 శాతం. ఈసీయూ తన లెక్క కంటే 20 శాతం ఎక్కువ పెట్రోల్ కొట్టాల్సి వస్తుంది, ఆ సవరణనే స్కానర్‌ ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 20 అని చూపిస్తుంది. ఇప్పుడు బండిని నిలిపే ఉంచి 2,500 ఆర్‌పీఎంకు రేస్ చేసి పట్టుకోండి. మాఫ్ రీడింగు 9 గ్రాముల దాకా పెరుగుతుంది. లీకు మాత్రం అదే అర గ్రాము. ఎందుకంటే మానిఫోల్డ్ ఒత్తిడి బయటి ఒత్తిడిలో సుమారు 53 శాతం కంటే తక్కువగా ఉన్నంతసేపూ, రంధ్రంలోంచి గాలి ధ్వని వేగంతో దూరుతుంది. పీల్పు అంతకంటే ఎంత పెరిగినా లోపలికి పోయే గాలి పెరగదు. అర గ్రామును 9తో భాగిస్తే దాదాపు 5.5 శాతం. అంటే ఐడిల్‌లో ప్లస్ 20 ఉన్న ట్రిమ్, రేస్ చేయగానే ప్లస్ 5, 6కి దిగిపోతుంది. మానిఫోల్డ్ వైపు వాక్యూమ్ లీకును నమ్మకంగా పట్టిచ్చే గుర్తు ఇదే. దీనికి రివర్సులో, ఐడిల్‌లో బాగుండి లోడ్ పెరిగే కొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే లీకు వెతకడం ఆపేసి పెట్రోల్ పంపు, ఫిల్టర్, మాఫ్ వైపు చూడాలి.

సెకనుకు అర గ్రాము పోవాలంటే పెద్ద రంధ్రమేమీ అక్కర్లేదు, 2 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రంధ్రం చాలు. ఇక ఇదే రంధ్రం బూస్ట్‌లో ఏం చేస్తుందో చూడండి. 1 బార్ బూస్ట్ అంటే లోపల ఒత్తిడి బయటికి రెట్టింపు. అప్పుడు సెకనుకు సుమారు 1 గ్రాము గాలి బయటికి పోతుంది. అదే సమయంలో ఇంజిన్ మింగే గాలి సెకనుకు 150 గ్రాముల దాకా ఉంటుంది. నూటికి ఒక్క పాలు కూడా పోవడం లేదన్నమాట. ఈ నష్టానికి పికప్ పడిపోదు, పీ0299 రాదు.

మరి మీ బండిలో రెండూ ఎందుకున్నాయి? రెండు వేరువేరు లీకులు ఉండి ఉండవచ్చు, అదేమీ అరుదు కాదు. కానీ ఒకే చిన్న రంధ్రం రెండు పనులూ చేసే చోటొకటి ఉంది, నేనైతే ముందు అక్కడికే వెళ్తాను. అదే డైవర్టర్ వాల్వుకు వెళ్లే సన్న గొట్టం. మీ వాల్వు వాక్యూమ్‌తో పనిచేసే రకమైతేనే ఇది వర్తిస్తుంది. కరెంటు తీగలు వచ్చి తగిలే ఎలక్ట్రిక్ రకమైతే ఈ గొట్టం ఉండదు.

ఈ వాల్వు పనిచేసే తీరు ఇది. యాక్సిలరేటర్ వదలగానే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ వస్తుంది, అది సన్న గొట్టం గుండా డయాఫ్రమ్‌ను పైకి లాగుతుంది, వాల్వు తెరుచుకుని మిగిలిన బూస్ట్‌ను టర్బో నోటి వైపు తిప్పి పంపుతుంది. గట్టిగా తొక్కినప్పుడు అదే గొట్టంలో బూస్ట్ ఒత్తిడి వచ్చి స్ప్రింగుకు తోడుగా వాల్వును మూసి పడుతుంది. గొట్టం చివర చీలిందనుకోండి. ఐడిల్‌లో ఆ చీలిక బయటి గాలిని పీలుస్తుంది, ట్రిమ్ ప్లస్ 20కి పోతుంది, పీ0171 వస్తుంది. బూస్ట్‌లో ఆ చీలిక దగ్గరే ఒత్తిడి కారిపోయి వాల్వు వెనక మూసిపెట్టే బలం తగ్గుతుంది. కింది నుంచి బూస్ట్ నెడుతుంది, వాల్వు తెరుచుకుంటుంది, గాలి బుస్సుమని వెనక్కి పోతుంది. చీలికలోంచి పోయేది నామమాత్రమే, పోయేదంతా తెరుచుకున్న వాల్వులోంచి. సన్న గొట్టాలను చులకనగా చూడకూడదని నేను అందరికీ చెప్పేది ఇందుకే. అవి గాలిని మోయవు, ఆజ్ఞలను మోస్తాయి.

అలాంటిదే ఇంకోటి. ఎగ్జాస్ట్‌లో కొంత టర్బోకు తగలకుండా పక్కకు వదిలి బూస్ట్‌కు హద్దు పెట్టేది వేస్ట్‌గేట్. కంప్రెసర్ ఒత్తిడితో తెరుచుకునే రకం వేస్ట్‌గేట్‌కు వెళ్లే గొట్టం చీలితే బూస్ట్ తగ్గదు, పెరుగుతుంది. వేస్ట్‌గేట్‌కు తెరుచుకోమనే కబురు సరిగా చేరదు కాబట్టి బూస్ట్ హద్దు దాటి పీ0234 వస్తుంది. బండి ఒక్కసారిగా హుషారుగా అనిపిస్తుంది గానీ పిస్టన్‌లకు అది ప్రమాదం. అలాంటి బండిని గొట్టం మార్చేదాకా గట్టిగా తొక్కకుండా నడపాలి.

ఇక పని మొదలుపెట్టండి. లైవ్ డేటా చూపించే స్కానర్ ఒకటి కావాలి, కోడ్‌లు మాత్రమే చదివేది సరిపోదు. ఇంజిన్ ఆపి, కీ మాత్రం ఆన్ చేసి మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్ ఒత్తిడిని కొలిచేది), బూస్ట్ సెన్సర్, వాతావరణ ఒత్తిడి రీడింగులు చూడండి. గాలి కదలడం లేదు కాబట్టి మూడూ దాదాపు ఒకటే చూపించాలి. సముద్రమట్టం దగ్గర 100 కిలోపాస్కల్స్ చుట్టూ ఉంటాయి, ఎత్తు పెరిగితే తగ్గుతాయి. ఒకటి మాత్రం పదీ పదిహేను కిలోపాస్కల్స్ తేడాగా ఉంటే ముందు ఆ సెన్సర్ సంగతి చూడండి. తప్పుడు రీడింగు ఇచ్చే సెన్సర్‌ను పట్టుకుని లీకు వెతికితే రోజంతా వృథా.

తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కాక ఏసీ, లైట్లు ఆపి ఐడిల్‌లో షార్ట్ ట్రిమ్ (అప్పటికప్పటి సవరణ), లాంగ్ ట్రిమ్ (ఈసీయూ గుర్తుపెట్టుకున్న సవరణ) రెండూ కలిపి రాసుకోండి. 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుని మళ్లీ రాసుకోండి. మ్యాప్ ఐడిల్‌లో సాధారణంగా 30 నుంచి 40 కిలోపాస్కల్స్ మధ్య ఉంటుంది. థ్రాటిల్‌తో కాకుండా ఇన్‌టేక్ వాల్వుల ఎత్తుతోనే గాలిని అదుపు చేసే ఇంజిన్లు, బీఎమ్‌డబ్ల్యూ వాల్వ్‌ట్రానిక్ లాంటివి, దీనికి మినహాయింపు. వాటి మానిఫోల్డ్‌లో ఐడిల్‌లో కూడా వాక్యూమ్ పెద్దగా ఉండదు, ఆ అంకె చూసి కంగారుపడనక్కర్లేదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ నుంచి ముందు ఆక్సిజన్ సెన్సర్ దాకా ఎక్కడైనా పగులుందేమో కూడా చూడండి. అక్కడ బయటి గాలి కలిస్తే సెన్సర్ మోసపోయి పెట్రోల్ తక్కువని చెబుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్‌మని వినిపించి, వేడెక్కాక ఆ శబ్దం తగ్గితే అనుమానించండి.

ట్రిమ్‌లు నేను చెప్పిన తీరులోనే వస్తే, నాకు అన్నిటికంటే నచ్చిన పరీక్ష చేయండి. దీనికి ఖర్చేమీ లేదు. ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, స్కానర్‌లో షార్ట్ ట్రిమ్ గ్రాఫ్ తెరిచి కనిపించే చోట పెట్టుకోండి. మానిఫోల్డ్ నుంచి బయల్దేరే రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటిగా, మానిఫోల్డ్‌కు వీలైనంత దగ్గరగా, మొండి దవడల హోస్ క్లాంపుతో నొక్కి పది పదిహేను సెకన్లు ఆగండి. ఏ గొట్టం నొక్కినప్పుడు గ్రాఫ్ జారి కిందికి వస్తుందో లీకు ఆ కొమ్మలోనే ఉంది. మంచి బ్రేక్ బూస్టర్‌లో పెడల్ తొక్కనంతసేపూ గాలి కదలిక ఉండదు కాబట్టి ఆ గొట్టం నొక్కితే ట్రిమ్ మారకూడదు. పీసీవీలోంచి వచ్చే గాలి కూడా మాఫ్ దాటి వచ్చినదే, అక్కడ కూడా పెద్ద తేడా రాకూడదు, వస్తే క్రాంక్‌కేసు వైపు ఎక్కడో బయటి గాలి దూరుతున్నట్టు. పర్జ్ వాల్వు విషయంలో మాత్రం స్కానర్‌లో పర్జ్ డ్యూటీ, అంటే ఆ వాల్వు ఎంత తెరిచి ఉందో చెప్పే శాతం, సున్నా ఉన్నప్పుడే చూడండి. ఈసీయూ దాన్ని తెరిచి ఉంచిన సమయంలో చేసే పరీక్ష దేన్నీ తేల్చదు. గట్టి ప్లాస్టిక్ పైపులను నొక్కకండి, పాతబడినవి అక్కడికక్కడే విరుగుతాయి. వాటిని ఊడదీసి మూతి మూయాలి.

మీ బండిలో డైవర్టర్ వాల్వు గొట్టం నొక్కగానే ట్రిమ్ దిగితే, ముందు గొట్టాన్ని రెండు చివర్లా ఊడదీసి వేళ్ల మధ్య వంచి చూడండి. చీలిక తరచుగా నిప్పిల్ మీద ఎక్కే ఆఖరి సెంటీమీటరులోనే ఉంటుంది. నిటారుగా ఉన్నప్పుడు కనపడదు, వంచితే నోరు తెరుస్తుంది. గొట్టం బాగుంటే వాల్వు డయాఫ్రమ్ చూడాలి. చేతి వాక్యూమ్ పంపుతో సన్న నిప్పిల్ దగ్గర 50 కిలోపాస్కల్స్ వాక్యూమ్ పెట్టండి. వాల్వు కదలాలి, పంపు గేజి ముల్లు అక్కడే నిలబడాలి. ముల్లు జారిపోతుంటే డయాఫ్రమ్ చిరిగింది. ఒక సంగతి గుర్తుంచుకోండి. డయాఫ్రమ్ మాత్రమే చిరిగితే మానిఫోల్డ్‌లోకి దూరేది కంప్రెసర్ తర్వాతి ఛార్జ్ పైపులోని గాలి, అంటే మాఫ్ లెక్కపెట్టినదే. అప్పుడు ఐడిల్ తేడా చేయవచ్చు గానీ పీ0171 రావాల్సిన పని లేదు. అందుకే మీ విషయంలో డయాఫ్రమ్ కంటే గొట్టం మీదే నాకు ఎక్కువ అనుమానం.

గొట్టమూ వాల్వూ బాగుంటే రెండో అనుమానం పీసీవీ. టర్బో ఇంజిన్‌లో పీసీవీకి రెండు దార్లు ఉంటాయి. ఐడిల్‌లో క్రాంక్‌కేసు ఆవిరి మానిఫోల్డ్‌లోకి పోతుంది, బూస్ట్‌లో టర్బో నోటిలోకి. బూస్ట్ వెనక్కి తిరిగి క్రాంక్‌కేసులోకి దూరకుండా మధ్యలో నాన్ రిటర్న్ వాల్వు ఉంటుంది. అది తెరిచిన స్థితిలో ఇరుక్కుంటే బూస్టంతా ఆయిల్ ఉండే చోటికి పోయి డిప్‌స్టిక్‌ను ఎగదన్నుతుంది, క్రాంక్ సీల్స్ నుంచి ఆయిల్ కారుతుంది. సీల్ మార్చినా నెలలోపే మళ్లీ కారుతుంటే సీల్‌ను తిట్టకుండా ఈ వాల్వును చూడాలి. చాలా ఇంజిన్లలో పీసీవీలో ఒక రబ్బరు డయాఫ్రమ్ కూడా ఉంటుంది, దాని పై గదికి బయటి గాలి తగిలే చిన్న బెజ్జం ఉంటుంది. రబ్బరు చిరిగితే ఆ బెజ్జంలోంచి గాలి లోపలికి దూసుకుపోతూ ఐడిల్‌లో గుయ్యిమని ఊళ పెడుతుంది. బెజ్జం మీద వేలు పెడితే ఊళ ఆగిపోయి ట్రిమ్ దిగుతుంది, ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత ఎత్తడానికి రాకుండా గట్టిగా లోపలికి అతుక్కుపోయినా ఇదే కారణం. డిప్‌స్టిక్ ఓ రింగు, ఆయిల్ మూత వాషరు, వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కూడా ఈ దారిలో వాక్యూమ్ లీకులే అవుతాయి, వాటిని మర్చిపోవద్దు.

ఇక స్మోక్ టెస్ట్ ఎందుకు ఏమీ పట్టలేదంటారా? అది చెడ్డ పరీక్ష కాదు, కానీ దాని ఒత్తిడి చాలా తక్కువ, సాధారణంగా 1 పీఎస్ఐ లోపే. 15 పీఎస్ఐ దగ్గర నోరు తెరిచే పైపు జాయింటు 1 పీఎస్ఐ దగ్గర చక్కగా మూసుకునే ఉంటుంది. పొగను బ్రేక్ బూస్టర్ గొట్టం దగ్గర మానిఫోల్డ్‌లోకి వదిలితే మరో ఇబ్బంది. నాన్ రిటర్న్ వాల్వులు తమ పని తాము చేసి పొగను ఆపేస్తాయి, వాటికి అవతల ఉన్న క్రాంక్‌కేసు భాగానికి పొగ చేరదు. థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది కాబట్టి టర్బో వైపు కూడా సరిగా పోదు. మూడో కారణం, పరీక్ష చేసేటప్పుడు ఇంజిన్ కదలకుండా ఉంటుంది. నేను చూసిన ఒక బండిలో టర్బో నోటికి వెళ్లే ముడతల రబ్బరు పైపు కింది వైపు, ఒక ముడత లోయలో, వేలెడు పొడవున చీలి ఉంది. స్మోక్ టెస్ట్‌లో చుక్క పొగ రాలేదు. బ్రేకు తొక్కి పట్టి గేరు వేసి కాస్త యాక్సిలరేటర్ ఇస్తే ఇంజిన్ మౌంటుల మీద పక్కకు వొరిగేది, అప్పుడే ఆ ముడత సాగి చీలిక తెరుచుకునేది, ట్రిమ్ ఎగిరేది. ఆపిన ఇంజిన్ మీద ఆ పైపును చేత్తో లాగి పట్టుకుని పొగ వదిలాక గానీ బయటపడలేదు. అందుకని స్మోక్ టెస్ట్ మళ్లీ చేయిస్తే మాఫ్ తర్వాతి పైపు నుంచి పొగ పంపమనండి, పంపుతూ ప్రతి పైపునూ చేత్తో ఊపమనండి.

బూస్ట్ వైపు లీకులకు ప్రెషర్ టెస్ట్‌కు మించింది లేదు. మాఫ్ ఊడదీసి, టర్బోకు వెళ్లే పైపు నోటికి సరిపడే మూత బిగించి, దానికి టైరు వాల్వు అమర్చి, రెగ్యులేటర్ ఉన్న కంప్రెసర్‌తో గాలి పెట్టడమే. ఇంజిన్ చల్లగా, కీ ఆఫ్‌లో ఉండాలి. పీసీవీ నుంచి టర్బో నోటికి వచ్చే గొట్టాన్ని విడదీసి, పైపు వైపు మూతి మూసేయండి. లేకపోతే మీరు పెట్టే గాలి నేరుగా క్రాంక్‌కేసులోకి పోయి సీల్స్‌ను నెట్టేస్తుంది. ఆయిల్ మూత వదులు చేసి ఉంచండి, ఎలాగో లోపలికి చేరిన గాలి దాంట్లోంచి బయటికి పోతుంది. ముందు 3 పీఎస్ఐ పెట్టి వినండి. తర్వాత మెల్లగా 10, 12 దాకా పెంచండి, మీ బండి మామూలు బూస్ట్‌ను మాత్రం దాటించకండి. మూతకు ఎదురుగా నిలబడొద్దు, ఊడితే రాయిలా వచ్చి తగులుతుంది. జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లితే సైకిల్ ట్యూబు పంక్చరు చూసినట్టే బుడగలు లేస్తాయి. ఎగ్జాస్ట్‌లోంచి సన్నగా సుయ్‌మని వినిపిస్తే కంగారు వద్దు, ఏదో సిలిండర్‌లో వాల్వులు తెరిచి ఉన్నాయంతే. ఆయిల్ మూతలోంచి గట్టిగా గాలి తన్నుకొస్తే మాత్రం మళ్లీ పీసీవీ నాన్ రిటర్న్ వాల్వు దగ్గరికే రావాలి.

ఈ పరీక్షకు ముందు టార్చిలైటుతో ఇంటర్‌కూలర్ జాయింట్లు ఓసారి చూడండి. ఛార్జ్ పైపుల లోపల పల్చగా ఆయిల్ పొర ఉండటం మామూలే, దాన్ని చూపించి టర్బో పోయిందని చెప్పేవాళ్లను నమ్మకండి. కానీ జాయింటు బయట నూనె జిడ్డు, దానికి అంటుకున్న దుమ్ము వలయంలా కనిపిస్తే గాలి అక్కడ బయటికి వస్తున్నట్టే. ఇంటర్‌కూలర్‌లో ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే మూలలు ముఖ్యంగా చూడండి.

బ్రేక్ క్లీనరో కార్బ్ క్లీనరో చల్లి ఆర్‌పీఎం మారుతుందేమో చూసే పాత పద్ధతి గురించి గట్టిగానే చెబుతాను. టర్బో ఇంజిన్ మీద అది చేయకండి. టర్బైన్ భాగం మండే ద్రవాన్ని అంటించగలిగినంత వేడిగా ఉంటుంది, మానిఫోల్డ్‌కు జానెడు దూరంలోనే ఉంటుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ ఆవిరి ఆ వేడికి ఫాస్‌జీన్ అనే విషవాయువుగా మారుతుంది. పైగా ఆ పద్ధతి ఐడిల్‌లో పీల్చే రంధ్రాలనే పట్టిస్తుంది, మీ సమస్యలో సగమే తెలుస్తుంది. మెటల్ మొన తీసేసిన స్టెతస్కోపు గానీ, చెవి దగ్గర పెట్టుకున్న సన్న గొట్టం గానీ అంతకంటే బాగా పనిచేస్తుంది. ఫ్యాను, బెల్టుల దగ్గర మాత్రం జాగ్రత్త.

మాఫ్ లేకుండా మ్యాప్ సెన్సర్ మీదే నడిచే టర్బో బండ్లు ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడ మానిఫోల్డ్‌లోకి గాలి దూరితే ఒత్తిడి పెరిగినట్టు సెన్సర్ చూస్తుంది, ఈసీయూ దానికి తగ్గ పెట్రోల్ కూడా కొడుతుంది. అందుకే ట్రిమ్ పెద్దగా కదలదు, ఐడిల్ స్పీడే పెరుగుతుంది, పీ0507 రావచ్చు. అక్కడ ట్రిమ్ బాగుందని లీకు లేదనుకోకూడదు. థ్రాటిల్ ఎంత తెరిచి ఉందో చూడండి, మామూలు కంటే బాగా మూసుకుని ఉంటే గాలి ఇంకో దారిలో వస్తోంది.

డీజిల్ వాళ్ల లెక్క వేరు. మానిఫోల్డ్‌లో చెప్పుకోదగ్గ వాక్యూమ్ ఉండదు, వాక్యూమ్ పంపు వేరే ఉంటుంది. చాలా బండ్లలో టర్బో రెక్కలను కదిపేది ఆ పంపు వాక్యూమే. ఇంజిన్ స్టార్ట్ చేయగానే యాక్చుయేటర్ కడ్డీ పూర్తిగా లాగబడాలి. సగంలో ఆగితే గొట్టాలు, సోలినాయిడ్, డయాఫ్రమ్ ఆ వరసలో చూడండి.

గొట్టం మార్చేటప్పుడు లోపలి వ్యాసం అంతే ఉన్నది, వాక్యూమ్‌కు నలగనంత మందపు గోడ ఉన్నది తీసుకోండి. సిలికాన్ గొట్టాలు సన్న కంట్రోల్ లైన్లకు బాగుంటాయి గానీ పీసీవీకి మామూలు సిలికాన్ వాడకండి, ఆయిల్ ఆవిరికి అది ఉబ్బి మెత్తబడిపోతుంది. నాన్ రిటర్న్ వాల్వు మీద బాణం గుర్తు ఉంటుంది, ఊడదీసే ముందే ఫోటో తీసుకోండి. తిరగేసి బిగిస్తే కొత్త సమస్య మొదలవుతుంది. ఒక్క గొట్టం పగిలే వయసు వచ్చిందంటే అదే వేడిలో ఉన్న మిగతావీ దగ్గర్లోనే ఉన్నట్టు, సన్న గొట్టాలన్నీ ఒకేసారి మార్చేయమనే నేను చెబుతాను.

పని అయ్యాక కోడ్‌లతో పాటు ఫ్యూయల్ ట్రిమ్ అడాప్టేషన్ కూడా క్లియర్ చేయాలి, లేకపోతే పాత ప్లస్ 20 కొన్నాళ్లు వెంటాడి ఈసారి మిశ్రమం చిక్కగా నడుస్తుంది. బండిని వేడెక్కించి కాసేపు రోడ్డు మీద నడిపాక ఐడిల్‌లో మొత్తం ట్రిమ్ ప్లస్ 5కూ మైనస్ 5కూ మధ్య ఉంటే లీకు మూసుకున్నట్టే. తర్వాత ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో గట్టిగా తొక్కుతూ పక్కనున్న మనిషి చేత అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్ రెండూ స్కానర్‌లో రికార్డు చేయించండి. రెండు గీతలు దగ్గర దగ్గరగా నడిస్తే టర్బో బాగుంది. ఐడిల్ సర్దుకుని బూస్ట్ మాత్రం ఇంకా వెనకబడితే రెండో లీకు ఇంటర్‌కూలర్ దారిలో ఉంది, ప్రెషర్ టెస్ట్ చేయండి. ప్రెషర్ టెస్ట్‌లో కూడా చుక్క గాలి పోకపోతే, వేస్ట్‌గేట్ కడ్డీ, టర్బో షాఫ్ట్ ఆట చూడాల్సింది అప్పుడే. అక్కడిదాకా వస్తే ఐడిల్‌లో, 2,500 దగ్గర ట్రిమ్‌లు, మాఫ్, మ్యాప్ రీడింగులు, ఆ బూస్ట్ గ్రాఫ్ నాకు పంపండి, కలిసి చూద్దాం.